గట్టిగా అరిస్తే అర్థమవుతుందా?

అందరికీ నమస్కారం. 2018లో సెంట్రల్ యూనివర్సిటీ వచ్చాక మన అనంతపురంలో వేరే రాష్ట్రాల పిల్లలు బాగానే కనిపిస్తున్నారు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకైతే, అదే మన ఆర్‌డీటీకి, దాన్ని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ కాలం నుంచీ స్పెయిన్ వాళ్లు వస్తూ పోతూనే ఉన్నారు. తెలుగు నేర్చుకోవాలనుకునేవాళ్లతో ఆదివారం ఓ గంట కబుర్లు చెప్పడానికి మీరు ముందుకొచ్చారు, సంతోషం. వ్యాకరణం చెప్పమని ఎవరూ అడగట్లేదు. కాకపోతే ఆ కబుర్లు వాళ్లకు అర్థం కావాలి, తంటా అంతా అక్కడే.

ముందుగా మనం చేసే పని గొంతు పెంచడం. మన ఎదురుగా కూర్చున్న అబ్బాయికి తెలుగు రాదంతే, చెవుడు లేదు. తర్వాత మన తెలుగును మనమే విరగ్గొడతాం: "నువ్వు... రేపు... బజారు... పోవడం?" ప్రత్యయాలు తీసేస్తే సులువవుతుందనుకుంటాం గానీ, ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పేవే అవి, ఇక మిగిలేదేముంది?

మైఖేల్ లాంగ్ అనే పరిశోధకుడు 1980ల్లో ఇలాంటి సంభాషణలనే పరిశీలించాడు. మాటల్ని కుదించడం కన్నా, అర్థం కాని చోట ఇద్దరూ ఆగి, తిరిగి అడిగి, ఇంకోలా చెప్పుకోవడమే ఎక్కువ మేలు చేస్తుందన్నాడు. మీరు "యాడికి పోతాండావ్?" అన్నారు, ఆ అమ్మాయి తెల్లమొహం వేసింది. వెంటనే ఇంగ్లీషులోకి దూకొద్దు. "ఎక్కడికి పోతున్నావు? క్లాసుకా, హాస్టల్‌కా?" అనండి. రెండు జవాబులూ మీరే అందిస్తున్నారు, ఏదో ఒకటి పట్టుకుంటుంది.

"అర్థమైందా?" అని మాత్రం అడగకండి, మొహమాటానికి అందరూ తల ఊపుతారు. "అయితే ఎన్నింటికి రమ్మన్నాను?" అంటే అసలు సంగతి తేలిపోతుంది.

ఇక తప్పుల సంగతి. "నిన్న నేను ధర్మవరం పోతాను" అన్నాడనుకోండి, "తప్పు, పోయాను అనాలి" అని మొదట్లోనే అడ్డుపడితే ఇక నోరు విప్పడు. "ఓహో, నిన్న ధర్మవరం పోయావా? చీరల అంగళ్లు చూశావా?" అంటే సరైన మాట చెవిన పడుతుంది, కబురూ ఆగదు. ఇది గమనించకుండా దాటేసేవాళ్లూ ఉంటారు, అదే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే సూటిగా చెప్పేయడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు కాస్త ఆలస్యమైతే మనకే టెన్షన్, వాళ్ల వాక్యం మనమే పూర్తిచేసేస్తాం. ఆగండి, వాళ్లు తడుముకోనీ. సరే, పిల్లలు బయట ఎదురుచూస్తున్నారు. కుర్చీలు ఎదురెదురుగా వేసుకోండి, పెదాలు కనపడాలి, ఆ కూలర్ కూడా కాసేపు ఆపేయండి.