రహీం సాబ్ ఎడమ కాలి పాఠం

రహీం సాబ్ పేరెత్తితే చాలు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయనేం మాట్లాడారన్న కథే చెబుతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌కి ముందు ఏదో అన్నారట, కుర్రాళ్లు రెచ్చిపోయి గెలిచేశారట. వింటుంటే బాధేస్తుంది. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా ఇండియా ఫుట్‌బాల్ జట్టును కోచ్‌గా నడిపిన మనిషి పనంతా ఒక్క ప్రసంగం ఖాతాలో వేసేస్తే ఎలా?

అసలు పని హైదరాబాద్ మైదానాల్లో జరిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం అక్కడ వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. కుడి వాటం వాడు ఎడమ కాలితోనే తన్నాలి.

[స్క్రీన్ మీద: ఎడమ అంచున ఆటగాడు, ఎదురుగా డిఫెండర్]

ఎడమ అంచున ఉన్న కుడి వాటం వాడికి పాస్ వచ్చిందనుకోండి. బంతి ఆపుతాడు, ఒళ్లు తిప్పుతాడు, కుడికాలి మీదకు తెచ్చుకుంటాడు, అప్పుడు తంతాడు. ఒక టచ్ ఎక్కువైంది. ఈలోపు డిఫెండర్ రెండడుగులు మీదికొచ్చాడు, దారి మూసుకుపోయింది. అదే ఎడమ కాలు కూడా పలికితే? వచ్చిన బంతి వచ్చినట్టే వెళ్లిపోతుంది.

ఇంకో పోటీలో డ్రిబ్లింగే, అంటే బంతిని కాళ్లతో తోసుకుంటూ పోవడమే, నిషేధం. బంతి ఉన్నవాడు వెంటనే వదిలెయ్యాలి కాబట్టి మిగతావాళ్లు నిలబడి చూస్తే కుదరదు, ఖాళీలోకి పరిగెత్తాల్సిందే. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: కోచ్ గొంతు చించుకోనక్కర్లేదు, నియమమే నేర్పేస్తుంది.

ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్‌ను వరసగా ఐదుసార్లు కొట్టింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం మనవాళ్లు కొందరు వట్టి కాళ్లతో ఆడారు, యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో అదే యుగోస్లావియాపై తొలి గోల్ మనదే! చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానం దక్కింది.

ఇక జకార్తా. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. సెంటర్ బ్యాక్, అంటే వెనక మధ్యలో కాపలా కాసే డిఫెండర్, జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీస్‌కి రహీం ఆయన్ని ఫార్వర్డ్‌గా దింపారు. అలవాటైన చోటు వదిలి కొత్త చోట ఆడించడం, చూశారా, మళ్లీ ఎడమ కాలే! ఈసారి జట్టు మొత్తానికి. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్‌లో మళ్లీ కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1తో స్వర్ణం మనది.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తా. 1963 జూన్‌లో క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో 1960 తర్వాత అడుగే పెట్టలేదు.

మీ పిల్లలతో ఈ వాటం లేని కాలి ఆట ఆడించాలంటే అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, పదిహేను నిమిషాలు చాలు. వాటం కాలు తగిలిందా, బంతి అవతలి జట్టుకిచ్చెయ్యండి. గోల్ ముందు మాత్రం ఫర్వాలేదులే అని సడలించొద్దు. సడలిస్తే, కొట్టాల్సిన చోట అందరూ పాత కాలికే పోతారు.