సేక్వాన్ పారిపోలేదు, మనమే తలుపు తీశాం

హాయ్ అండీ, ఎడిసన్ నుంచి మళ్లీ నేనే. మొన్న ఆదివారం మావాళ్లందరం కలిశాం, బిర్యానీ ఇంకా ప్లేట్లలోకి రానేలేదు, అప్పుడే మొదలైంది గొడవ, మన న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ టీమ్ వదిలి ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి వెళ్లిన సేక్వాన్ బార్క్లీ మనకి ద్రోహం చేశాడా లేదా అని. 2024 మార్చిలో వెళ్లిపోయిన మనిషి గురించి ఇంకా గొంతులు పోయేలా అరుచుకుంటున్నామంటే ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. మన న్యూజెర్సీ సంగతి తెలిసిందే కదా, పైన ఉన్నోళ్లు జెయింట్స్, కింద చెర్రీ హిల్ వైపు వాళ్లు ఈగల్స్, బావా బావమరుదులు కూడా చెరో పక్క. నేను జెయింట్స్.

ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, కొత్తగా చూసేవాళ్లకి ఒక్క ముక్క. సేక్వాన్ ఆడేది రన్నింగ్ బ్యాక్, అంటే బాల్ చేతిలో పెడితే గుంపులో సందు వెతుక్కుని దూరిపోయేవాడు, ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మీద పడతారు, అందుకే వాళ్ల కెరీర్లు చిన్నవి, 27 దాటితే పెద్ద కాంట్రాక్ట్ ఇవ్వాలంటే టీములు వెనకాడతాయి. సేక్వాన్‌ని మనం 2018 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, రెండో పిక్‌గా తెచ్చుకున్నాం. మొదటి ఏడాదే పరుగులు, క్యాచ్‌లు కలిపి 2,028 యార్డ్స్, రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏడాది కొత్తోళ్లలో బెస్ట్. 2020లో చికాగోలో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగి సీజన్ మొత్తం పోయింది, అయినా తిరిగొచ్చి 2022లో 1,312 యార్డ్స్ పరిగెత్తి టీమ్‌ని ప్లేఆఫ్స్‌కి లాక్కెళ్లాడు.

అసలు కథ ఆ తర్వాత. 2023 మార్చిలో క్వార్టర్‌బ్యాక్, అంటే బాల్ విసిరి ఆట నడిపించేవాడు, డేనియల్ జోన్స్‌కి 4 ఏళ్లకి 160 మిలియన్ డాలర్లు, సేక్వాన్‌కి ఫ్రాంచైజ్ ట్యాగ్, అంటే ఒక్క ఏడాదికి 10.1 మిలియన్లు తీసుకుని ఇక్కడే ఆడు, పెద్ద కాంట్రాక్ట్ సంగతి తర్వాత చూద్దాం అని. ఆ తర్వాత అనేది రానే లేదు. మరుసటి మార్చిలో ట్యాగ్ లేకుండా మార్కెట్లోకి వదిలేశారు, ఈగల్స్ వచ్చి 3 ఏళ్లకి 37.75 మిలియన్లు, అందులో 26 గ్యారంటీ అన్నారు, సంతకం పెట్టేశాడు. ఆయన ప్లేసులో మనం డెవిన్ సింగిల్‌టరీని 3 ఏళ్లకి 16.5 మిలియన్లకి తెచ్చుకున్నాం. మన ఓనర్ జాన్ మారా, సేక్వాన్ ఫిలడెల్ఫియాకి పోతే నాకు నిద్ర పట్టదని జనరల్ మేనేజర్‌తో అన్నది హెచ్‌బీఓ షోలో మనందరం చూశాం. అంత భయం ఉన్నవాళ్లు ఆపుకోవాలి కదా అండీ!

మా అన్నయ్య వాదన ఏంటంటే, ఎక్కడికైనా పోనీ, శత్రువు ఇంటికే పోవాలా అని. నాకూ కడుపు మండింది, కాదనను. కానీ కాంట్రాక్ట్ అయిపోయింది, ట్యాగ్ వెయ్యలేదు, ఆపింది ఎవరు? పైగా ఆయన పెరిగిన వైట్‌హాల్ పెన్సిల్వేనియాలోనే ఉంది, ఫిలడెల్ఫియాకి దగ్గర. ఆరేళ్లు మోకాలు పణంగా పెట్టి ఆడినోడిని ద్రోహి అంటే నేను ఒప్పుకోను, అన్నయ్యా నువ్వు ఈ వీడియో చూస్తావని తెలిసే చెప్తున్నా.

ఇంకో వాదన ఉంది, అది మాత్రం గట్టిది. 2024లో ఈగల్స్‌కి 2,005 యార్డ్స్ కొట్టాడు, మన లైన్ వెనక, అంటే ముందు నిలబడి అడ్డుకునే మనవాళ్ల వెనక, ఆడుంటే అంత కొట్టేవాడా అని. నిజం, కొట్టేవాడు కాదు. అక్కడ ముందు జోర్డాన్ మైలాటా, లేన్ జాన్సన్ లాంటి కొండలు నిలబడి దారి చేస్తారు, పక్కన వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ కూడా పరిగెత్తగలడు కాబట్టి డిఫెన్స్ ఇద్దర్నీ కాయాలి. మన దగ్గర బాల్ అందుకునేలోపే ఎదురుగా మనిషి ఉండేవాడు, 2023లో 962 దగ్గరే ఆగిపోయాడు. కానీ దానర్థం ఏంటి, లైన్ బాగు చేసుకోవాలని, అంతేగానీ మనిషి అయిపోయాడని కాదు కదా. మనం రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశాం. ఆ 160 మిలియన్ల జోన్స్‌ని 2024 నవంబర్లోనే వదిలేశారు, సీజన్ 3 గెలుపులు 14 ఓటములు.

2024 అక్టోబర్ 20న మన స్టేడియం మెట్‌లైఫ్‌కి సేక్వాన్ తిరిగొచ్చాడు చూడండి, నేను స్టాండ్స్‌లో ఉన్నా. బాల్ పట్టిన ప్రతిసారీ బూ, బూ. 17 సార్లు ఇస్తే 176 యార్డ్స్ కొట్టాడు, 28-3తో ఓడిపోయాం. చివరికొచ్చేసరికి అరిచే ఓపిక కూడా ఎవరికీ లేదు. ఒక్క సీజన్లో ఎక్కువ యార్డ్స్ పరిగెత్తిన 1984 నాటి ఎరిక్ డికర్సన్ రికార్డు 2,105, అది దాటడానికి ఇంకో 101 యార్డ్స్ కావాల్సి ఉండగా ఆఖరి మ్యాచ్ మళ్లీ మన మీదే, ఈగల్స్ ఆయనకి రెస్ట్ ఇచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రికార్డు కూడా మన నెత్తిన పడేది. ఆ తర్వాత 2025 ఫిబ్రవరి 9న, సరిగ్గా 28వ పుట్టినరోజు నాడు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచి కప్పు ఎత్తాడు.

చాలామంది జెర్సీలు కాల్చారు. నా 26 నంబర్ జెర్సీ బీరువాలోనే ఉంది, 2018లో మావాడు పుట్టిన నెలలో కొన్నది, అది నేను కాల్చను. ఈగల్స్ మళ్లీ మెట్‌లైఫ్‌కి వచ్చినప్పుడు ఇప్పుడున్న మన కుర్రాళ్ల జెర్సీలోనే వెళ్తా, మన టీమ్ కోసమే అరుస్తా, కానీ ఆయన చేతికి బాల్ వచ్చినప్పుడు మాత్రం నా నోట బూ రాదు.