ఎస్తర్ మార్టినెజ్ టీచర్ పేరు మీద ఒక చట్టం

అందరికీ నమస్కారం. చిన్న భాషల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక ఊరి బడి టీచరు గురించి చెబుతాను.

ఆమె పేరు ఎస్తర్ మార్టినెజ్. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఓకే ఓవింగే ఆమె ఊరు. స్పెయిన్ వాళ్లు పెట్టిన శాన్ హువాన్ అన్న పేరును వదిలేసి, 2005లో ఆ ఊరు తన పాత పేరు తాను తీసుకుంది. ఆమె తల్లి భాష తేవా, అక్కడి మూలవాసుల భాష.

1912లో పుట్టారు. శాంటా ఫే, ఆల్బుకర్క్ హాస్టల్ బడుల్లో చదివారు. అక్కడ తేవా మాట్లాడితే శిక్ష. తర్వాత పెళ్లి, పది మంది పిల్లలు, ఊడ్చి తుడిచే ఉద్యోగాలు. 1960ల్లో ర్యాండల్ స్పైర్స్ అనే భాషాశాస్త్రవేత్త సాయం అడిగాకే తన భాషను కాగితం మీద పెట్టడం మొదలుపెట్టారు. అప్పటికే యాభై దాటిన మనిషి.

1974 నుంచి 1989 దాకా సొంత ఊరి డే స్కూల్లో తేవా నేర్పారు. డే స్కూలంటే సాయంత్రానికి పిల్లలు ఇల్లు చేరే బడి. పొద్దున నేర్చిన మాట సాయంత్రం వంటింట్లో పలుకుతుంది, తప్పుంటే అవ్వే దిద్దుతుంది. హాస్టల్ బడి తెంచింది సరిగ్గా ఈ దారినే. 1982లో వచ్చిన తేవా నిఘంటువు కూడా ఆమె చలవే. మన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నిఘంటువు కూర్చారు కదా, ఆయన ఆ భాషను పెద్దయ్యాక నేర్చుకున్నారు. ఈమె అందులోనే పుట్టారు.

2006 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో జాతీయ వారసత్వ పురస్కారం అందుకుని తిరిగొస్తూ, ఇంటికి దగ్గరలోనే కారు ప్రమాదంలో పోయారు. వయసు 94. ఆ డిసెంబరులోనే మూలవాసుల భాషల పరిరక్షణ చట్టం ఆమె పేరుతో వచ్చింది.

వీధికో భవనానికో పేరు పెట్టి చేతులు దులుపుకోలేదు, అది నాకు నచ్చింది. ఈ చట్టం కింద, ఏడేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి కనీసం 500 గంటలు వాళ్ల భాషలోనే చదువు చెబితే గ్రాంటు ఇస్తారు. మొదట కనీసం పది మంది పిల్లలుండాలన్నారు. 2019లో దాన్ని అయిదుకు తగ్గించారు. పది మంది దొరకని ఊళ్లున్నాయన్నమాట!

నా ఫిర్యాదల్లా ఒకటే. అది పోటీపడి తెచ్చుకోవాల్సిన డబ్బు, గడువున్న డబ్బు. గడువు తీరితే ఆ టీచర్లు పాఠం పక్కన పెట్టి మళ్లీ దరఖాస్తు రాసుకోవాలి.