ఎన్నిసార్లు చూసి చెబుతున్నావు?

శ్రోతలకు నమస్కారం.

నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో ఏ లెక్క పట్టుకెళ్లి చూపించినా మా గురువుగారు ముందు ఒకే మాట అడిగేవారు. "ఎన్నిసార్లు చూసి చెబుతున్నావు?" ఫలితం ఎంత బాగుందన్నది ఆ తర్వాతి సంగతి. ఎన్నిసార్లు చూశావు, ఎన్ని రోజులు చూశావు, ఎంతమందిని చూశావు? దానికి జవాబు చెప్పలేకపోతే కాగితం వెనక్కి ఇచ్చేసేవారు.

నాది స్టాటిస్టిక్స్, అంటే గణాంక శాస్త్రం. 11 ఏళ్లు యూనివర్సిటీలో పరిశోధన, పాఠాలు. ఆ తర్వాత 9 ఏళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో క్వాంట్ ఉద్యోగం. షేర్ల ధరలను లెక్కలతో, కంప్యూటర్ ప్రోగ్రాములతో పరిశీలించి, దేనిలో ఎంత డబ్బు పెట్టాలో, ఎంత రిస్క్ ఉందో చెప్పేవాళ్లను క్వాంట్‌లు అంటారు. ఇప్పుడు మళ్లీ పాఠాలు చెబుతున్నాను. "చదివినదానికీ అక్కడ చేసినదానికీ ఏమైనా సంబంధం ఉందా?" అని చాలామంది అడుగుతారు. ఉంది. అదేమిటో చెప్పాలంటే నాకెంతో ఇష్టమైన ఒక ఉదాహరణ చెప్పాలి. అది షేర్ మార్కెట్‌ది కాదు, ఆటది.

అమెరికాలో 1970 బేస్‌బాల్ సీజన్. ఆ ఆట తెలియకపోయినా ఇబ్బంది లేదు. బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతిసారీ ఆటగాడు హిట్ కొడతాడు, లేదా కొట్టడు. నూటికి ఎన్నిసార్లు కొట్టాడన్నదే అతని సగటు. 18 మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరివీ సీజన్‌లో మొదటి 45 అవకాశాలు. ఆ 45 చూసి, మిగతా సీజన్ అంతా ఎవరు ఎలా ఆడతారో చెప్పాలి. అదీ ప్రశ్న.

అందరికన్నా పైన రొబెర్టో క్లెమెంటే ఉన్నాడు. 45లో 18 హిట్లు, అంటే 40 శాతం. బాగా కింద థర్మన్ మన్సన్ అనే కుర్రాడు. 45లో 8, అంటే 17.8 శాతం. మొత్తం 18 మంది సగటు 26.5.

మీరైతే ఏం చెబుతారు? క్లెమెంటే 40 కొడతాడు, మన్సన్ 18 దగ్గరే ఉంటాడు అంటాం. ఎవరి అంకె వాళ్లకి ఇచ్చేస్తాం. అది న్యాయంగానే కనిపిస్తుంది. స్టాటిస్టిక్స్ కూడా చాలాకాలం అదే సరైన పద్ధతి అనుకుంది.

1956లో చార్లెస్ స్టైన్ అనే గణాంక శాస్త్రవేత్త అది సరికాదని నిరూపించాడు. 1961లో విలార్డ్ జేమ్స్‌తో కలిసి అంతకన్నా మెరుగైన సూత్రం ఇచ్చాడు. మూడు గాని, అంతకన్నా ఎక్కువ గాని అంకెలను ఒకేసారి అంచనా వేయాల్సి వస్తే, ఒక్కోదాన్ని విడిగా నమ్మకండి, అన్నిటినీ ఒక మధ్యస్థానం వైపు కొంత లాగండి, మొత్తం మీద మీ తప్పు తగ్గుతుంది అన్నాడు. అప్పటి పండితులకు ఇది మింగుడుపడలేదు. ఒకరి ఆటకీ ఇంకొకరి ఆటకీ ఏం సంబంధం?

1970ల మధ్యలో బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ ఈ 18 మంది ఆటగాళ్ల మీద ఆ సూత్రం వేసి చూశారు. ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరు ఆడినా, 45 అవకాశాల్లో వాళ్ల సగటు అదృష్టం వల్లే ఆరేడు శాతం అటూ ఇటూ అవుతుంది. ఈ 18 మంది మధ్య కనిపించిన తేడా కూడా దాదాపు అంతే. అంటే చాలావరకు కనిపిస్తున్నది అదృష్టమే. అందుకే సూత్రం ఏం చెప్పిందంటే, సగటు నుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నా, ఆ దూరంలో సుమారు ఐదో వంతే ఉంచండి అంది. క్లెమెంటే 40 నుంచి 29.4కి దిగాడు. మన్సన్ 17.8 నుంచి 24.7కి ఎక్కాడు.

ఇక మిగతా సీజన్‌లో ఏం జరిగిందో వినండి. క్లెమెంటే 34.6 కొట్టాడు. మహా ఆటగాడు, సూత్రం అతన్ని కాస్త ఎక్కువే కిందికి లాగింది. అయినా 40 కన్నా 29.4 వెంట్రుకవాసి దగ్గర. మరి మన్సన్? 31.6! ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. మొదటి 45 చూసి అతన్ని పక్కన పెట్టేసి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మొత్తం 18 మందిలో 16 మంది విషయంలో లాగిన అంకే నిజానికి దగ్గరగా వచ్చింది.

ఎన్నిసార్లు చూసి చెబుతున్నావు? 45 సార్లు. చాలదు.

ఇక మార్కెట్‌కి వస్తాను. డబ్బును రకరకాల షేర్ల మధ్య ఎలా పంచాలన్నదానికి 1952లో హ్యారీ మార్కోవిట్జ్ ఒక లెక్క చూపించాడు. 1990లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు. ప్రతి షేరూ ఎంత పెరుగుతుందని అనుకుంటున్నామో, ఏ షేరు దేనితో కలిసి నడుస్తుందో ప్రోగ్రాముకు ఇస్తే, ఏది ఎంత కొనాలో అది చెబుతుంది. లెక్కలో తప్పు లేదు. మనం ఇచ్చే అంకెల దగ్గరే ఉంది చిక్కంతా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను 40 షేర్ల గత సంవత్సరం ధరలు ప్రోగ్రాముకు ఇచ్చాను. అది సగానికి పైగా డబ్బు తీసుకెళ్లి రెండే రెండు షేర్లలో పెట్టమంది. ఆ రెండూ గత ఏడాది అందరికన్నా బాగా పెరిగినవి. కంప్యూటర్ చెప్పింది కదా అని నేను సంబరంగా రిపోర్టు రాసేశాను. దాని ప్రకారం కొద్ది మొత్తం పెట్టారు కూడా. మూడు నెలల్లో ఆ రెండూ పడిపోయాయి. మా టీమ్ పెద్దావిడ నన్ను పిలిచి కోప్పడలేదు. "ఇది ఎన్ని రోజుల డేటా అండీ?" అని అడిగారు. ఆ మాట వినగానే గురువుగారు ఎదురుగా నిలబడినట్టయింది. యూనివర్సిటీలో ఏటా పిల్లలకు నేను చెప్పిన పాఠమే అది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. చాలా బాధపడ్డాను.

ఆ ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, ఇచ్చిన అంకెలన్నీ నిజమని నమ్మి, అందులో అన్నిటికన్నా పెద్దదాన్ని వెతికి పట్టుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద అంకె అంటే చాలాసార్లు అన్నిటికన్నా ఎక్కువ అదృష్టం కలిసొచ్చిన అంకె. అది క్లెమెంటే 40 లాంటిది.

అయితే ఎక్కువ రోజుల డేటా తీసుకుంటే సరిపోతుంది కదా అంటారేమో. ఒక చిన్న లెక్క చూడండి. ఒక షేరు ఏడాదికి సగటున 8 శాతం పెరిగిందనుకుందాం. దాని ఎగుడుదిగుళ్లు ఏడాదికి 20 శాతం. షేర్లకు అది మామూలే. 25 ఏళ్ల డేటా ఉంది. 25కి వర్గమూలం 5, 20ని 5తో భాగిస్తే 4. మన సగటు అంచనాలో ఉండే మామూలు పొరపాటు అది. ధీమాగా చెప్పాలంటే దానికి రెండింతలు, అంటే 8, అటూ ఇటూ వదలాలి. అంటే 25 ఏళ్లు చూసిన తర్వాత కూడా మనం చెప్పగలిగింది, అసలు సగటు దాదాపు 0 నుంచి 16 మధ్యలో ఎక్కడో ఉంది అని. పాతికేళ్లు చూశాక! ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద వేసినప్పుడు నాకే ఒక్క క్షణం మాట రాలేదు.

షేర్లు కలిసి నడిచే తీరు ఇంకా కష్టం. 500 షేర్లుంటే 1,24,750 జతలు. ఏడాదికి ట్రేడింగ్ రోజులు సుమారు 250. అన్ని జతల సంగతి ఆ కొద్ది రోజుల్లో ఎలా తేలుతుంది? 2000ల మొదట్లో ఒలివియే లెడ్వా, మైకేల్ వోల్ఫ్ ఇక్కడా స్టైన్ దారే పట్టారు. కనిపించిన అంకెలను ఒక సాదాసీదా నమూనా వైపు లాగారు. ఎంత లాగాలో డేటా నుంచే తేల్చే సూత్రం ఇచ్చారు. అప్పటినుంచి నేను ఏ పని చేసినా ఆ లాగుడు లేకుండా చేయలేదు.

రెండు లోకాలకూ తేడా లేదని కాదు. యూనివర్సిటీలో కొత్త సంగతి కనిపెడితే నలుగురికీ చెబుతాం, తప్పుంటే ఎవరో ఒకరు దిద్దుతారు. కంపెనీలో కనిపెడితే దాచుకుంటాం. నాకు మొదటిదే ఇష్టం, అందుకే తిరిగొచ్చాను. కానీ తప్పు ఎంత త్వరగా బయటపడుతుందో, దాని ఖరీదెంతో నేర్పింది మాత్రం రెండోదే.

సమయం అయిపోవస్తోంది. మీకు పనికొచ్చే ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీరెవరైనా మ్యూచువల్ ఫండ్ ఎంచుకోబోతుంటే, పోయిన మూడేళ్లలో ఏది ఎక్కువ ఇచ్చిందో పట్టిక మీ ముందుంటుంది. ఒకటి 24 శాతం, ఒకటి 9. అదే రకం ఫండ్లన్నిటి సగటు 12 అనుకుందాం. కాగితం మీద ఇలా రాయండి. మొదటిది సగటు కన్నా 12 ఎక్కువ, అందులో ఐదో వంతు 2.4, కాబట్టి 14.4. రెండోది సగటు కన్నా 3 తక్కువ, ఐదో వంతు 0.6, కాబట్టి 11.4. ఐదో వంతు అన్నది ఆటగాళ్ల లెక్కలోంచి నేను తెచ్చుకున్న కొలత. ఫండ్లకు అది కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. 15 శాతం కనిపించిన తేడా 3 అయింది చూశారా? ఇప్పుడు రెండు ఫండ్లూ ఏటా తీసుకునే ఖర్చు ఎంతో పక్కన రాసుకోండి. ఆ అంకెను మాత్రం ఎటూ లాగకండి. అది ఏటా కచ్చితంగా పోయేదే.

నమస్కారం.