పెత్తనం ఎడమ కంటిది, తుపాకీ కుడి చేతిది

శ్రోతలకు నమస్కారం.

గగన్ నారంగ్, ఈషా సింగ్ పేర్లు విని హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో కొందరికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. రాసేది, తినేది కుడి చేత్తోనే. రైఫిల్ కుడి భుజానికి ఆనించగానే మాత్రం తల కుడిపక్కకు వాలిపోతుంది, ఎడమ కంటిని సైట్ (గురి చూసే అమరిక) దగ్గరకు తెచ్చుకోవడానికి. కోచ్ సరిచేస్తారు. రెండు పెల్లెట్లు పేలాక మళ్ళీ అదే వాలకం. ఇది నిర్లక్ష్యం కాదు, కంటి జబ్బు అంతకన్నా కాదు. చేతివాటం ఉన్నట్టే కంటివాటమూ ఉంటుంది, గురి చూసేటప్పుడు రెండు కళ్ళలో ఒకటి పెత్తనం చేస్తుంది. ఆ రెండూ ఒకే పక్కన ఉండాలని ఎక్కడా లేదు.

మీది ఏ కన్నో ఇప్పుడే చూసుకోవచ్చు. రెండు చేతులూ బారజాపి, అరచేతులు ఒకదానిమీద ఒకటి వేసి, మధ్యలో రూపాయి బిళ్ళంత సందు వదలండి. నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న గోడ గడియారాన్ని రెండు కళ్ళతో ఆ సందులోంచి చూడండి. ఎడమ కన్ను మూయండి. గడియారం అక్కడే ఉంటే పెత్తనం కుడి కంటిది, మాయమైతే ఎడమ కంటిది. నాలుగైదుసార్లు చేయండి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే మీకు ఏ కంటి పెత్తనమూ గట్టిది కాదు, సర్దుకోవడం తేలిక.

ఇక ఏం చేయాలన్నది చేతిలోని ఆయుధాన్ని బట్టి ఉంటుంది. రైఫిల్‌కు చెంప ఆనిన పక్క కన్నే వెనక సైట్‌లోంచి చూడగలదు, కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు భుజం మార్చుకోవడమే మేలు. ట్రిగ్గర్ మీద ఎడమ వేలు కొన్నాళ్ళు మొద్దుగా ఉంటుంది, తర్వాత దారికొస్తుంది. హంగరీ పిస్టల్ షూటర్ కరోలీ తకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడి చెయ్యి దెబ్బతింటే ఎడమ చేత్తో మొదటినుంచీ నేర్చుకుని, 1948లోనూ 1952లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. పన్నెండేళ్ళ పిల్లలకు అదేమంత కష్టం కాదు. ఒక్కటే అడ్డంకి, చాలాచోట్ల క్లబ్బు రైఫిళ్ళు కుడిచేతివాటం వారికే చేసినవి. పెత్తనం చేసే కంటికి చూపు బాగా తక్కువైతే మాత్రం భుజం మార్చకండి. స్పష్టంగా చూసే కన్నే గురి కన్ను.

పిస్టల్‌కు ఇంత తతంగం లేదు. కుడి చేత్తో పట్టుకుని ఎడమ కంటితో నిక్షేపంగా గురిపెట్టవచ్చు. కాకపోతే పూర్తిగా పక్కకు తిరిగి నిలబడితే మెడ పట్టేస్తుంది, ఛాతీని టార్గెట్ వైపు కాస్త తిప్పాలి. షాట్‌గన్ సంగతి వేరు. దానికి వెనక సైట్ ఉండదు, కన్నే వెనక సైట్. కుడి భుజం మీద పెట్టి ఎడమ కన్ను పెత్తనం చేస్తే గుండు ఎడమకు పోతుంది. కళ్ళద్దాల్లో ఎడమ అద్దం మీద చిన్న మసక టేపు ముక్క అంటిస్తే చాలామందికి సరిపోతుంది.

భుజం మార్చలేనివారికి బ్లైండర్, అంటే గురిపెట్టని కంటికి అడ్డుపెట్టే పట్టీ, ఉంది. పోటీ నియమాల ప్రకారం రెండో కంటి ముందు పెట్టేది 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు. అది నల్లది కాకుండా తెల్లగా, వెలుతురు వడకట్టేలా ఉండాలి. ఒక కంటిని చీకటి చేస్తే రెండో కంటి పాప కూడా పెద్దదవుతుంది, గురి మసకబారుతుంది. కన్ను చిట్లించి మూసినా అదే నష్టం, పైగా ముఖ కండరాలు అలసిపోతాయి.

ఇప్పుడు కళ్ళద్దాలవారి మాట. ఎయిర్ పిస్టల్‌లో టార్గెట్‌ను స్పష్టంగా చూడాలనుకోవడమే అసలు పొరపాటు. పిస్టల్ మీద ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య సుమారు 320 మిల్లీమీటర్లు ఉందనుకోండి. వెనక సైట్ గాడిలో ముందు సైట్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 31 మిల్లీమీటర్లు తప్పుతుంది, పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. చేయి మొత్తంగా 1 మిల్లీమీటరు జరిగితే తప్పేదీ 1 మిల్లీమీటరే. అందుకే పదునుగా కనిపించాల్సింది ముందు సైట్. నల్ల చుక్క మసగ్గా ఉన్నా ఫరవాలేదు.

ఆ సైట్ కంటికి దాదాపు మీటరు దూరంలో ఉంటుంది. దూరపు చూపు పవర్‌కు ప్లస్ 0.50 కలిపితే కంటి చూపు 2 మీటర్ల దగ్గర, అంటే సైట్‌కూ టార్గెట్‌కూ మధ్యలో, నిలుస్తుంది. ముందు సైట్ పదునుగా, టార్గెట్ ఓ మోస్తరుగా కనిపిస్తాయి. మైనస్ 2 ఉన్నవారు మైనస్ 1.50 వాడాలన్నమాట. మైనస్ 0.75 ఉన్నవారికి అద్దాలు తీసేస్తేనే బాగుంటుంది! చత్వారం వచ్చినవారు చదువుకునే ప్లస్ 2 అద్దాలతో రేంజ్‌కు వస్తారు. అది అర మీటరు దగ్గరే ఆగిపోతుంది, ముందు సైట్ కూడా కరిగిపోతుంది. బైఫోకల్ మరీ ఇబ్బంది, కింది గాజులోంచి చూడాలని తల పైకెత్తాల్సి వస్తుంది.

ముందు సైట్ పై అంచు పదునుగా, పక్క అంచులు మసగ్గా ఉంటే సిలిండర్ పవర్ చూపించుకోండి. రైఫిల్ వారు మామూలు ఫ్రేములో ముక్కు పక్క మూలలోంచి చూస్తారు, అక్కడ గాజు సరిగా పనిచేయదు. లెన్స్‌ను కంటికి ఎదురుగా జరుపుకునే షూటింగ్ ఫ్రేము అందుకే. ఐరిస్ (కంటి ముందు పెద్దదీ చిన్నదీ చేసుకునే రంధ్రం) బాగా ముడిస్తే చిన్న చిన్న దోషాలు కప్పుకుపోతాయి, వెలుతురూ తగ్గుతుంది. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు పిస్టల్ ఎత్తి పట్టుకుని, కంటినుంచి ముందు సైట్ దాకా ఎంత దూరమో ఇంకొకరిచేత టేపుతో కొలిపించండి. తుపాకీ ఖాళీ అని ముందు చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

పెల్లెట్లు రెండు గుంపులుగా పడుతుంటే వెంటనే సైట్ స్క్రూ తిప్పకండి. బ్లైండర్ పెట్టి ఐదు పేల్చండి. రెండో గుంపు మాయమైతే తప్పు స్క్రూది కాదు, మధ్యలో దూరిన రెండో కంటిది.