మేకల వైపు కూర్చోండి

నమస్కారం అండీ. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. ముందు వరుసల్లో పిల్లలున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నలున్నారు, కాబట్టి ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. నేను చెప్పబోయేది బోర్డు ఆటల గురించి, అందులోనూ బుర్ర పెట్టి ఎత్తులు వేసే ఆటలు, స్నేహితులతో ఎదురెదురుగా కూర్చుని ఆడేవి. కావలిలో మా మేడ మీద ప్రతి శనివారం రాత్రి మేం నలుగురం ఆడతాం. ఏడెనిమిదేళ్లుగా అవే నాలుగు మొహాలు. ఒకతను బ్యాంకులో పనిచేస్తాడు, నాకు వరసకు బావ. ఇంకొకతను హైస్కూల్లో లెక్కల టీచరు. మూడో అతనికి అల్లూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. నాలుగోవాణ్ణి నేను.

నేను మొదట నేర్చుకున్నది పులిజూదం. పులి మేక అని కూడా అంటారు, మీలో చాలామంది అమ్మమ్మలకి తెలుసు. మాది కందుకూరు పక్క పల్లె. రామాలయం అరుగు మీద ఒక బండకి గీతలు చెక్కి ఉండేవి, ఎవరు చెక్కారో మా తాతకి కూడా గుర్తులేదు. దక్షిణాదిలో పాత గుళ్ల మండపాల్లో, రాతి నేల మీద ఇట్లాంటి గీతలు చాలాచోట్ల కనిపిస్తాయి, ఈసారి గుడికెళ్తే ఒకసారి కిందకి చూడండి. ఇరవై మూడు చోట్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటీ పెట్టుకుంటూ రావాలి, పదిహేనూ పెట్టేదాకా పెట్టినవాటిని కదపకూడదు. పులి మాత్రం ఈలోపే తిరుగుతుంది, పక్కనున్న మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడితే ఆ మేక పోయినట్టే. పులులకి కదలడానికి చోటు లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. మా ఊళ్లో ఐదు మేకలు పోతే ఆట అయిపోయినట్టే లెక్క, మీ ఊళ్లో లెక్క వేరే ఉంటే అట్లాగే ఆడండి, తప్పేం లేదు.

మా తాత నాకెప్పుడూ పులుల్ని ఇవ్వలేదు. ఏడుపొచ్చేది. పులి అంటే దూకచ్చు, తినచ్చు, ఆ వయసులో ఎవరికైనా అదే కావాలి కదా. ఆయనేమో "పులిని ఎవరైనా ఆడిస్తారబ్బయ్యా, నువ్వు మేకల్ని ఆడించు" అనేవాడు. నేను మేకని పెట్టగానే ఏమీ మాట్లాడకుండా, చూపుడువేలుతో ఆ మేక వెనకున్న ఖాళీని రెండుసార్లు తట్టేవాడు. అంతే. నాకు ఆటంతా ఆ వేలుతోనే వచ్చింది. మేకని ఎక్కడ పెట్టాను అనేది కాదు చూడాల్సింది, దాని వెనక ఏముంది అనేది. వెనక ఇంకో మేకో, బోర్డు అంచో ఉంటే పులి దూకలేదు. ఖాళీ ఉంటే ఆ మేక పోయినట్టే అనుకోవాలి. ఒక వేసవి సెలవులంతా ఓడిపోయాను, రెండో వేసవి చివర్లో ఒకరోజు ఆయన మూడు పులులూ మూలకి చేరిపోయి కదల్లేకపోయాయి. ఆయన బండ వైపు కాసేపు చూసి, పైపంచె దులుపుకుని లేచి, ఇంటికెళ్లి మా అవ్వతో చెప్పాడు. నాతో ఏమీ అనలేదు. అవ్వ ఆ రాత్రి నాకు పాయసం చేసింది.

దాడి ఆట కూడా అప్పుడే నేర్చుకున్నా. మూడు చదరాలు ఒకదానిలో ఒకటి గీస్తారు, ఇరవై నాలుగు చోట్లు, ఒక్కొక్కరికి తొమ్మిది కాయలు. మూడు కాయలు వరసగా వస్తే దాడి కట్టినట్టు, అవతలివాడి కాయ ఒకటి తీసేయచ్చు. ఇదే ఆటని యూరప్‌లో వందల ఏళ్లుగా ఆడుతున్నారు. 1993లో రాల్ఫ్ గాసర్ అనే ఆయన కంప్యూటర్‌తో మొత్తం లెక్కగట్టి, ఇద్దరూ ఒక్క తప్పూ చేయకుండా ఆడితే ఆట డ్రా అవుతుందని తేల్చాడు. మరి ఇంక ఆడటం ఎందుకు అని ఒక కుర్రాడు నన్నడిగాడు ఈ మధ్య. మంచి ప్రశ్న. నేనూ మా పెదనాన్నా ఎన్ని వందలసార్లు ఆడుంటామో, మాకు డ్రా అయింది చాలా తక్కువ. ఆయనకి ఎడమ చేతి వైపు మూల అంటే ఇష్టం, అక్కడ దాడి కట్టడానికి మిగతా బోర్డంతా వదిలేస్తాడు. నాకది తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు, అయినా ఒక్కోసారి ఆ మూలని ఎరగా చూపించి ఇటువైపు కట్టేస్తాడు. కంప్యూటర్ ఆ ఆటని తేల్చింది గానీ మా పెదనాన్నని తేల్చలేదు కదా.

నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట ఇదే. స్ట్రాటజీ ఆట అంటే కొత్త కొత్త పెట్టెలు కొనడం అనుకుంటున్నారు ఇప్పుడు. నెలకో ఆట కొంటారు, ఒకటి రెండుసార్లు ఆడతారు, బీరువా మీద పెడతారు. మొదటి రెండుసార్లు మీరు ఆడేది రూల్స్‌తో, మనుషులతో కాదు. అదే ఆట, అవే నలుగురితో, ఐదోసారో ఆరోసారో ఆడినప్పుడు అసలు ఆట మొదలవుతుంది, ఎందుకంటే అప్పటికి బోర్డు అందరికీ ఒకేలా తెలుసు, తెలియాల్సింది ఇంక ఎదురుగా కూర్చున్న మనిషే.

మేం ఎక్కువగా ఆడింది కాటాన్ (Catan) అనే బోర్డు ఆట. జర్మనీలో క్లాస్ టాయిబర్ అనే ఆయన తయారు చేశాడు, దంతాల ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తూ ఖాళీ టైములో ఆటలు కట్టేవాడు, 1995లో ఇది బయటికొచ్చి ఆ ఏడాది అక్కడ పెద్ద అవార్డు తెచ్చుకుంది. పంతొమ్మిది ఆరుపలకల ముక్కలు కలిపితే ఒక దీవి. ఆ దీవిలో రోడ్లు వేసుకుంటూ, ఊళ్లు కట్టుకుంటూ, ఊళ్లని పట్నాలు చేసుకుంటూ పోవాలి, ముందు పది పాయింట్లు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. కట్టడానికి కలప, ఇటుక, గొర్రె, గోధుమ, ఖనిజం కావాలి. ఆ పేర్లు మాకు నోటికి రాలేదు, మెల్లగా మావి మేం పెట్టుకున్నాం. కలప మాకు జామాయిలు. గోధుమ మొలగొలుకులు, అంటే మన నెల్లూరు బియ్యం. ఖనిజం చీమకుర్తి రాయి. గొర్రె జోడిపి, మన నెల్లూరు గొర్రెల్లో తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలుండే రకం. "రెండు జోడిపులిస్తా, ఒక చీమకుర్తి ఉందా" అని మా మేడ మీద నుంచి వినపడితే వీధిలో పోయేవాళ్లు ఆగి పైకి చూసేవాళ్లు.

ఇందులో లెక్క కొంత ఉంది, పిల్లలు వినండి. దీవి ముక్కల మీద నెంబర్లుంటాయి, పాచికల్లో ఆ నెంబరు పడితేనే ఆ ముక్క పక్కన ఊరున్నవాళ్లకి సరుకు వస్తుంది. రెండు పాచికలేస్తే ముప్పై ఆరు రకాలుగా పడతాయి. అందులో మొత్తం ఏడు వచ్చేవి ఆరు. ఆరు గానీ ఎనిమిది గానీ వచ్చేవి ఐదైదు. పన్నెండు వచ్చేది ఒక్కటే. అందుకని పన్నెండు నెంబరు పక్కన ఊరు కట్టినవాడు ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఏడు పడితే ఎవరికీ ఏమీ రాదు, పైగా పాచిక వేసినవాడు దొంగ బొమ్మని తీసి ఎవరో ఒకరి పొలంలో పెట్టచ్చు, ఆ పొలం పండదు. టీచరు ఈ లెక్కలన్నీ నోటికి చెప్తాడు. కానీ ఎక్కువసార్లు గెలిచేది రొయ్యల అతనే, ఎందుకంటే ఇది బేరాల ఆట, ఒకరి సరుకు ఒకరితో మార్చుకోవాలి. రొయ్యలు పట్టే రోజున కొనేవాడు గట్టు మీదికొచ్చి నిలబడితే, ఇవాళే అమ్మేయాలన్న తొందర మన మొహంలో కనిపించకూడదు, కనిపిస్తే కేజీకి ఎంతో కొంత తగ్గించేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే బతుకు అతనిది. చేతిలో ఒక్క ఇటుక లేకుండా, రోడ్డు ఆగిపోయి ఉన్నా, "ఇటుకలా, ఇప్పుడు నాకెందుకులే" అనే మొహం పెట్టి కూర్చుంటాడు, మనమే బతిమాలి ఇస్తాం.

ఒక రోజు గొడవైంది. ఇది మీకు పూర్తిగా చెప్పాలి. రొయ్యల అతనికి తొమ్మిది పాయింట్లు, బ్యాంకు బావకీ తొమ్మిదే. టీచరుకి నాలుగు, ఇంక ఎటూ గెలవలేడు. బావ వంతు వచ్చింది. చేతిలో రెండు మొలగొలుకులున్నాయి, పట్నం కట్టాలంటే మూడు రాళ్లు కావాలి, ఒక్కటీ లేదు. టీచరు ఏమీ ఆలోచించకుండా మూడు రాళ్లు తీసి బల్ల మీద పెట్టి, ఒక్క జోడిపి ఇవ్వు చాలు అన్నాడు. బావ పట్నం కట్టాడు, పది. ఆట అయిపోయింది. రొయ్యల అతను "నేను ఇంతసేపు ఆడింది దీనికా" అని లేచాడు, మా ఇంట్లో అన్నం కూడా తినకుండా బండి తీసి వెళ్లిపోయాడు. రెండు నెలలు రాలేదు.

రూల్ ప్రకారం ఊరికే కార్డులు ఇచ్చేయకూడదు, ఒక గొర్రెకి మూడు రాళ్లు అంటే మాత్రం చెల్లుతుంది. అంచేత టీచరు చేసింది తప్పు ఆట కాదు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఆటంతా మళ్లీ గుర్తుచేసుకున్నా. రొయ్యల అతను ఆ సాయంత్రం దొంగని నాలుగుసార్లు టీచరు పొలంలోనే పెట్టాడు. చివర్లో ఉన్నవాడే కదా, వాడి వల్ల నాకేం కాదులే అనుకున్నాడు. కానీ గెలవలేనివాడి చేతిలో గెలిపించే బలం ఉంటుంది. వెనకపడినవాణ్ణి అదే పనిగా ఏడిపిస్తే మన గెలుపు తాళాలు తీసుకెళ్లి అతనికిచ్చినట్టే. తాత వేలు తట్టింది గుర్తొచ్చింది నాకు. ముందున్న బావని చూసుకున్నాడు గానీ, వెనక ఖాళీ చూసుకోలేదు రొయ్యల అతను.

రెండు నెలలయ్యాక మేం ముగ్గురం పెట్టె పట్టుకుని అతని చెరువు దగ్గరికే వెళ్లాం. పట్టుబడికి వారం ఉంది, రాత్రిళ్లు గట్టు వదిలి రాలేడు, కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట మొత్తం పైకి తేలుతుంది. షెడ్డులో మంచం మీద బోర్డు పరిచాం. గాలికి కార్డులు ఎగిరిపోతుంటే ఒక్కొక్కరి ముందు ఒక్కో గులకరాయి పెట్టి నొక్కిపట్టాడు అతనే. ఎవరూ ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. రెండో ఆటలో ఏడు పడింది అతనికి, దొంగని చేతిలోకి తీసుకుని టీచరు వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, తీసుకెళ్లి బావ పొలంలో పెట్టాడు. టీచరు ఒక్కసారిగా నవ్వాడు, అందరం నవ్వాం. పదిన్నరకి కరెంటు పోయింది, జనరేటర్ వేయడానికి అతను పరిగెత్తాడు, మేం సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని అతని వంతు కోసం ఆగాం.

అప్పట్నుంచి మాకు కొన్ని పద్ధతులు వచ్చాయి, మీరు మొదలుపెడితే పనికొస్తాయని చెప్తున్నా. కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు రూల్స్ పుస్తకం చదివి వినిపించకండి, ఎట్లా గెలుస్తామో ముందు చెప్పండి, ఒక వంతులో ఏం చేయచ్చో చెప్పండి, మిగతావి ఆటలో వచ్చినప్పుడు చెప్పండి. మొదటి ఆట లెక్కలోకి రాదని ముందే అనేయండి. బజ్జీలు తిన్న చేత్తో కార్డులు పట్టుకోనివ్వకండి, మా దగ్గర ఒక చీమకుర్తి కార్డు వెనక నూనె మరక పడి, అది ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోయేది, చివరికి అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగాం. అందరూ కలిసి ఒకవైపు ఆడే ఆటలు కూడా ఉన్నాయి, పాండెమిక్ అని 2008లో వచ్చింది, రోగాలు ప్రపంచమంతా పాకకుండా ఆపాలి, గెలిస్తే అందరం, ఓడితే అందరం. దాంతో ఒక చిక్కుంది, బాగా తెలిసినవాడు పెత్తనం మొదలుపెట్టి అందరి ఎత్తులూ అతనే వేసేస్తాడు, మిగతావాళ్లు చేతులు కదపడానికే కూర్చున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో అయితే ఎవరి వంతో వాళ్లే ముందు మాట్లాడాలి, అడిగితేనే సలహా.

పెద్దవాళ్లు ఒక మాట అడుగుతారు, ఈ పెట్టెలు వేలల్లో ఉన్నాయి కదా అని. నిజమే, ఖరీదే. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, ఏడాదంతా అదే ఆడండి, చాలు. అదీ వద్దనుకుంటే పలకా సుద్దముక్కా చాలు. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలు మనవి, దాని మీద పులిజూదం గీతలు ఎంత చక్కగా పడతాయో గీసి చూడండి. చింతగింజలు మేకలు, గులకరాళ్లు పులులు.

నేను నాలుగు పలకలు తెచ్చాను, గీతలు ఇంటి దగ్గరే గీసుకొచ్చా. పిల్లలూ, తలా ఒకళ్లు మీ అమ్మనో నాన్ననో ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అమ్మానాన్నలూ, గులకరాళ్లు మీరు తీసుకోండి, చింతగింజలు వాళ్లకివ్వండి, ఏడ్చినా సరే ఇవాళ్టికి మార్చుకోవద్దు. రండి, ఈ చాప మీదికి రండి.