పదో వచనానికి ముందు

అయ్యగారికి, సంఘ పెద్దలకు, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

సామెతలు 31వ అధ్యాయం అనగానే మనకు గుణవతియైన భార్యే గుర్తొస్తుంది. పెళ్లిళ్లలో విని విని చాలామందికి కంఠతా వచ్చేసింది. అది పదో వచనం నుంచి. అంతకు రెండు వచనాల ముందు లెమూయేలు రాజుకు వాళ్లమ్మ ఇలా చెప్తుంది: "మూగవారికిని దిక్కులేనివారికందరికిని న్యాయము జరుగునట్లు నీ నోరు తెరువుము." దీనిమీద ప్రసంగం విన్న గుర్తు నాకైతే లేదు.

నేను ఇదివరకు వెళ్లిన సంఘంలో వెనక వరసలో కూర్చునే ఒకమ్మ ఉండేది. ప్రతి కూటంలోనూ "మా అబ్బాయి పని కోసం ప్రార్థన చేయండి" అనేది. ఏం పనో చెప్పేది కాదు, మేమూ అడగలేదు. ఒకరోజు షేర్ ఆటోలో నా పక్కన కూర్చుని, చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది: మ్యాన్‌హోళ్లలో దిగే పని. "గుడిలో చెబితే నా చేతి టీ తాగరేమోనమ్మా" అంది. ఆవిడకి నోరుంది. మూయించింది మేమే. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేస్తుంటే ఊరుకోమని గద్దించింది కూడా యేసు వెంట నడుస్తున్న జనమే కదా!

బెజవాడ విల్సన్ గారి పేరు వినే ఉంటారు. రాహేలు, యాకోబుల కొడుకు. పుట్టింది కోలార్ బంగారు గనుల ఊళ్లో. ఇంట్లోవాళ్లు చేసేది పాకీ పని అని ఆయనకు చాలాకాలం చెప్పలేదట. పెద్దయ్యాక స్వయంగా చూడ్డానికి వెళ్తే, గుంటలో పడ్డ బకెట్ కోసం ఒక మనిషి చెయ్యి లోపలికి పెట్టాడు. విల్సన్ గారు అక్కడే ఏడ్చేశారు. ఆ తర్వాత ఈ పని మాన్పించాలని అర్జీలు, ఉద్యమం, 2003లో సుప్రీంకోర్టులో పిటిషన్. 2014 తీర్పులో, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలన్నారు. 2023లో కోర్టే దాన్ని ముప్పై లక్షలు చేసింది.

మనుషులతో పాకీ పని చేయించకూడదని 2013 చట్టం ఉంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దించి శుభ్రం చేయిస్తే, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీకే కాదు, ఇంటి ఓనరుకూ వర్తిస్తుంది. లోపలుండే గ్యాస్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు. పడిపోయినవాడిని లాగడానికి దిగిన రెండో మనిషి కూడా పోయేది అందుకే.

ఇప్పుడు మన సంగతి. పాస్టరుగారి ఇంటి వెనక ట్యాంకు నిండింది. పోయినసారి అడుగున గట్టిపడిందని ఒకతన్ని దించారు. ఆ డబ్బులు ఇచ్చింది నేనే. ఖర్చుల పుస్తకంలో "క్లీనింగ్" అని రాశాను, అతని పేరు రాయలేదు. నిజానికి అడగనే లేదు. ఈసారి ట్యాంకు ఖాళీ చేసే లారీ వచ్చే రోజు, ఎవర్నీ లోపలికి దించకుండా చూడ్డానికి నేను అక్కడ నిలబడతాను. నాతో ఇంకో ఇద్దరు కావాలి. కూటం అయ్యాక పేర్లు ఇవ్వండి.